మూలుగు వింటే సున్నం కలపాలి

ఏటి మీద రాతి వంతెనకు ఐదు కమానులు. నడిమిది, అంటే మూడోది, మిగతావాటికన్నా కాస్త కుంగి ఉంటుంది. తెలియనివాళ్ళ కంటికి ఆ తేడా ఆనదు. కట్టిన కొత్తల్లోనే ఆ కమాను వెనక పోసిన రాళ్ళూ మట్టీ సర్దుకుని కిందికి దిగాయి. అప్పటి నుంచి దాని సందుల్లో సున్నం నిలవదు. వానల్లో ఏరు పొంగి తగ్గేసరికి కొంత కొట్టుకుపోతుంది. ఆ తర్వాత ఏటి వెంబడి గాలి వీస్తే, అది ఖాళీ సందుల్లో దూరి, లోపలి డొల్లలో తిరిగి, అవతలి పక్క నుంచి బయటికొస్తుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చే చప్పుడు లాంటిదే, కాకపోతే బరువుగా ఉంటుంది. పక్క గదిలో జ్వరంతో పడుకున్న మనిషి మూలిగినట్టుంటుంది.

ఊరివాళ్ళు దాన్ని మూలుగనే అనేవారు. వంతెన మూలుగుతోందంటే ఆ ఊళ్ళో ఒకటే అర్థం. తాపీమేస్త్రిని పిలవాలి.

ఆ మేస్త్రిని అందరూ నిదానం మేస్త్రి అనేవారు. పనిలో ఉన్నంతసేపూ అతని నోట వచ్చే మాట దాదాపు అదొక్కటే. రాయి ఎత్తేవాడితో నిదానం, నీళ్ళు చల్లేవాడితో నిదానం, తాడు వదిలేవాడితో నిదానం. పెళ్ళి ఊసెత్తిన బంధువులతో కూడా అదే అన్నాడు. వాళ్ళు కొన్నేళ్ళు తిరిగి విసిగిపోయారు. "వీడు సరేననేసరికి పిల్లకి పళ్ళూడిపోతాయి" అని మేనత్త ఒకావిడ గుమ్మంలోనే అనేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇంకెవరూ సంబంధం తేలేదు.

అతని తండ్రీ తాపీ పనివాడే. కొడుకు చేతికి తాపీ ఇవ్వకముందు చిన్న సుత్తి ఇచ్చి, ఏట్లో నీళ్ళు తగ్గాక వంతెన కిందికి తీసుకెళ్ళి రాళ్ళు తట్టమన్నాడు. "ఏది కంగుమంటోంది, ఏది బొదబొదమంటోంది, చూసుకుంటూ పో" అన్నాడు. ఆ ఏడాదంతా తట్టడమే పని. కంగుమన్న రాయి తన చోట గట్టిగా కూర్చున్నట్టు. బొదబొదమన్న రాయి వెనక డొల్ల ఉన్నట్టు. తాపీ పట్టుకోవడం ఆ తర్వాతి సంగతి. తండ్రి పోయేముందు కొడుక్కి ఆస్తిపాస్తుల గురించి చెప్పలేదు, చెప్పడానికి ఏమీ లేవు కూడా. వంతెన గురించే చెప్పాడు. "మూలుగు వింటే సున్నం కలపాలి. ఎవరు పిలిచారు, ఎవరు పిలవలేదు, అదంతా తర్వాత."

వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ గట్టు మీద తాపీలు వరసగా, నూనె గుడ్డతో తుడిచి, పెద్దది నుంచి చిన్నది దాకా పేర్చి ఉండేవి. పెరట్లో సున్నం గుంట, దాని మీద చెక్క పలకలు. సున్నాన్ని నీళ్ళ కింద నెలల తరబడి నాననిస్తే వెన్నలా అవుతుంది. తొందరపడి పచ్చిసున్నం వాడితే గోడలోకి పోయాక పొంగి, పట్టుకోవాల్సిన రాయినే తోసేస్తుంది. అందుకే ఏ ఏడాది పనికి కావలసిన సున్నం ఆ ముందు ఏడాదే గుంటలో పడి ఉండేది.

ఇంట్లో ఇంకో మనిషి అతని చెల్లెలు. భర్త పోయాక ఒంటరిగా అన్న ఇంటికి వచ్చింది. అతను చెల్లెమ్మా అని పిలవడం విని ఊరంతా ఆమెను చెల్లెమ్మ అనే పిలిచేది, ఆమెకన్నా చిన్నవాళ్ళు కూడా. అన్న తిండి పెట్టడన్న భయం ఆమెకు ఏ రోజూ లేదు. ఇంకొకరి కంచంలో తింటున్నానన్న బాధే ఉండేది. ఆ బాధ ఎప్పుడూ పైకి చెప్పలేదు. దుప్పటి మీద సున్నప్పొడి దులుపుతూ, "ఇంట్లో పిండి జల్లెడ ఒకటి, ఇసక జల్లెడలు నాలుగు. మనం తినేది రొట్టెలా, గోడలా?" అని మాత్రం అనేది.

ఏటేటా వానలు వెలిశాక పని ఇలా జరిగేది. వంతెన పిట్టగోడకు తాళ్ళు కట్టి, వాటికి ఒక పలక వేలాడదీసి, నిదానం దాని మీద కూర్చుని కమాను ముందుకు దిగేవాడు. సందులో వదులైన పాత సున్నాన్ని గీకి తీసేవాడు. నీళ్ళు చల్లి తడిపేవాడు. కలిపిన సున్నాన్ని సన్నటి ఇనప పట్టీతో లోపలికంటా నెట్టి, మధ్యమధ్య రాతి చిప్పలు దూర్చి, మళ్ళీ నెట్టేవాడు. సందు పైపైన పూస్తే చూడ్డానికి బాగుంటుంది, వాన రాగానే ఊడిపోతుంది. లోపలి నుంచి నింపుకుంటూ రావాలి. చివర తడి గోనెలు కప్పాలి, త్వరగా ఎండకుండా. పని ముగిశాక గాలి ఎంత వీచినా వంతెన గమ్మున ఉండేది. ఎవరూ దాని గురించి మాట్లాడుకునేవారు కాదు. ఆ మౌనమే అతని పనికి గుర్తు.

ఒక ఏడాది పక్క ఊళ్ళో గోడ కడుతుంటే పరంజా విరిగి కింద పడ్డాడు. కాలు విరిగింది. వానలు వెలిశాయి, ఏరు తగ్గింది, మూలుగు మొదలైంది. అతను మంచం మీద ఉన్నాడు. కిటికీలోంచి అది వినబడినప్పుడల్లా లేవబోయేవాడు. చెల్లెలు భుజం పట్టుకుని పడుకోబెట్టేది.

"మూలుగుతోందే."

"నువ్వూ మూలుగుతున్నావు. ముందు నీ సంగతి చూసుకో."

ఆ ఏడాదే సైకిలు మీద ఊళ్ళు తిరిగి పత్రికకు రాసే ఒకతను అటుగా వచ్చాడు. ఎవరూ చూడని ఊళ్ళ గురించి ఆదివారం పేజీలో రాసేవాడు. వంతెన మీద సైకిలు ఆపి ఏదో తింటుంటే గాలి లేచింది. తర్వాతి ఆదివారం పత్రికలో వంతెన ఫొటో వచ్చింది. దాని మీద పెద్దక్షరాలతో, పాడే వంతెన.

ఊరి ప్రెసిడెంటు ఆ పేజీని కత్తిరించి ఆఫీసు గోడకు అంటించాడు. బస్సు కండక్టరు అప్పటిదాకా "ఏటి స్టాపు దిగాలి" అనేవాడు, ఇప్పుడు "పాడే వంతెన, పాడే వంతెన" అని కూయడం మొదలుపెట్టాడు. జనం దిగారు. మొదట ఒకరిద్దరు, ఆ తర్వాత గుంపులు. అంతకుముందు ఆ ఊళ్ళో చూడటానికి ఏముంది గనక? ఒక పిండిమర, గంట పగిలిన బడి, సగం రోజు తెరిచే పోస్టాఫీసు. ఇప్పుడు మనుషులు పిట్టగోడకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడుతున్నారు. విన్నాక టీ ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు.

చెల్లెమ్మ ఇంట్లో బెంచీ తీసుకెళ్ళి వంతెన పక్కన వేసింది. తర్వాత పొయ్యి పెట్టింది. తర్వాత రేకుల కప్పు వేయించింది. ఏటి ఒడ్డు నుంచి మెట్లు దిగితే వంతెన కిందికి పోవచ్చు, గిన్నెలు అక్కడే కడుక్కునేది. ఆమె గొంతు సన్నటిది. "టీ... వేడి టీ" అని సాగదీసి పిలిస్తే అవతలి ఒడ్డు దాకా వినబడేది. వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పేది. వాళ్ళేదో అంటే నవ్వేది. ఆ నవ్వు విని చాలా ఏళ్ళయింది. అన్న మంచం మీద నుంచి రెండు చప్పుళ్ళూ వినేవాడు. మూలుగూ నవ్వూ ఒకే వైపు నుంచి వచ్చేవి.

మరుసటి ఏడాదికి కాలు అతుక్కుంది. కాస్త కుంటుతూనే పెరట్లో ఇసక జల్లించడం మొదలుపెట్టాడు. చెల్లెలు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏం చేస్తున్నావన్నయ్యా?"

"కనబడటం లేదూ?"

"దేనికని అడుగుతున్నా."

"నా నెత్తిన పోసుకోవడానికి. దేనికేంటే, మూడో కమానుకి."

జల్లెడ చప్పుడు ఒకటే వినబడింది. తర్వాత ఆమె అంది, "అది పూడిస్తే పాట ఆగిపోతుందిగా."

"పాటేంటి?"

"అందరూ వినడానికొచ్చేది."

"అది మూలుగే."

"నీకు మూలుగు. వాళ్ళకి పాట. ఏదైతేనేం, దాని వల్ల నా పొయ్యి వెలుగుతోంది." ఆమె మెట్టు మీద కూర్చుంది. "ఈ ఒక్క ఏడాది వదిలెయ్. ఇంతవరకు నిన్నెప్పుడైనా ఏదైనా అడిగానా?"

అడగలేదు. అది నిజమే. అతను జల్లెడ కింద పెట్టాడు.

ఆ ఏడాది మిగతా నాలుగు కమానులకూ సందులు నింపాడు. మూడోదాన్ని వదిలేశాడు. ప్రెసిడెంటు ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "మేస్త్రీ, ఊరికి మేలు చేశావయ్యా."

"నేనేం చేశానండి? చెయ్యాల్సింది మానేశాను."

"అదేనయ్యా మేలు."

ఒక్క ఏడాది రెండయింది, రెండు నాలుగయ్యాయి. ఏటా అతను ఇనప చువ్వ పట్టుకుని మూడో కమాను సందులో గుచ్చి చూసేవాడు. మొదటి ఏడాది చువ్వ వేలెడు లోతు దిగింది. తర్వాత జానెడు. తర్వాత మూరెడు. చెల్లెలికి చెప్పేవాడు. ఆమె వింటూనే గ్లాసులు కడిగేది. "ఇన్నేళ్ళు నిలబడింది, ఇంకో ఏడాది నిలబడదా?" అనేది. ఆమె కొట్టు ముందు పూలకుండీ పెట్టుకుంది. అన్నకు కొత్త చొక్కా కుట్టించింది. ఆ చొక్కా తొడుక్కుని వంతెన మీద నడుస్తుంటే అతనికి ఒంటికి ఏదో గుచ్చుకుంటున్నట్టుండేది.

ఒకరోజు ఒకావిడ చిన్నపిల్లతో వచ్చింది. గాలి బాగా ఉంది. పిల్ల పిట్టగోడకు చెవి పెట్టి విని, తల్లి కొంగు లాగింది.

"అమ్మా, దీనికి కడుపునొప్పా?"

బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. చెల్లెమ్మ కూడా నవ్వి పిల్లకు బిస్కెట్టు ఇచ్చింది. టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న నిదానం మేస్త్రి మాత్రం నవ్వలేదు. గ్లాసు అక్కడే పెట్టి ఇంటికెళ్ళిపోయాడు. పొద్దున్నే తాళ్ళూ పలకా మోసుకుని వచ్చాడు.

పలక మీద కూర్చుని కమాను ముందు దిగాడు. పైసందులు నీళ్ళు నాకినవి, అంచులు నున్నగా ఉన్నాయి. కిందికి, ఏటి ఇసకలో నిలబడ్డ మనిషి చెయ్యి అందేంత ఎత్తులోకి వచ్చేసరికి ఆగాడు. అక్కడ సందు అంచుల మీద గీతలున్నాయి. కొత్తవి, తెల్లగా, వంకరగా. నీళ్ళు అలా గీకవు. చువ్వ కూడా కాదు, చువ్వ గీత తిన్నగా ఉంటుంది. ఏదో కొస వంగిన సన్నటి వస్తువుతో ఎవరో లోపలి సున్నాన్ని తవ్వి లాగారు. అతను వేలు పెట్టి ఆ గీతల మీద నడిపాడు. చాలాసేపు పలక మీదే ఉండిపోయాడు.

పైకి వచ్చి కొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నాడు. చెల్లెలు టీ కలుపుతోంది. చేతిలో పొడుగాటి కాడ గరిటె.

"ఆ గరిటె ఇలా ఇవ్వు."

"దేనికి?"

"ఇవ్వవే."

ఇచ్చింది. కాడ చివర కొక్కెం ఉంది, పొయ్యి పక్కన తగిలించుకోవడానికి. ఆ కొక్కెం సగం సాగి, పక్కకు వంగి ఉంది. దాని మడతలో తెల్లటి పొడి. అతను గోటితో తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఎరిగిన రుచి.

"టీలో సున్నం ఎప్పట్నుంచి వేస్తున్నావు?"

ఆమె పొయ్యి వైపు చూస్తూ నిలబడింది. పాలు పొంగాయి. దించలేదు.

"గాలి తక్కువున్న రోజు పాట రావడం లేదన్నయ్యా. వచ్చినవాళ్ళు విసుక్కుంటూ పోతున్నారు. కాస్త సందు పెద్దదైతే..." ఆగింది. "ఎన్నిసార్లో కాదు."

"బస్సు దాని మీదుగా పోతుంది."

"తెలుసు."

"దాంట్లో మనుషులుంటారు."

"తెలుసన్నానుగా. నా నెత్తిన కూర్చుని చెప్పాలా?" పొంగిన పాలగిన్నె దించి పక్కన పెట్టింది. "నీకు వంతెనుంది. నాకేముంది? మళ్ళీ నీ గదిలో కూర్చుని నీ దుప్పట్లు దులపాలి. అంతేగా?"

అతను గరిటె ఆమెకు తిరిగి ఇచ్చాడు. "రేపటి నుంచి పూడుస్తున్నా."

"పూడ్చు. నన్ను కూడా అందులో పెట్టి పూడ్చు. నీ పని ఇంకా గట్టిగా ఉంటుంది."

ప్రెసిడెంటు పరుగున వచ్చాడు. "ఊరికి అన్నం పెట్టే నోరు అది. మూసేస్తావా మేస్త్రీ?"

"నోరు కాదండి. పుండు."

"కొత్త వంతెన వస్తుందని పైనుంచి మాటిచ్చారు. అందాకా ఆగలేవా?"

"వచ్చాక ఆపేస్తానండి."

పని చేసినన్ని రోజులూ అతనికి బస్సుతోనే భయం. చక్రాలు దొర్లినప్పుడల్లా పచ్చి సున్నం రాళ్ళ మధ్య అదిరేది. కండక్టరును ఆపి అడిగాడు, "ఈ నాలుగు వారాలు కాస్త నిదానంగా పోనివ్వమను."

"నీ పేరు పెట్టి నువ్వే పిలుచుకుంటున్నావేంటి మేస్త్రీ?" అని కండక్టరు నవ్వాడు. నవ్వినా, డ్రైవరుకు చెప్పాడు. బస్సు మెల్లగా పోయింది.

పని ముగిసింది. తడి గోనెలు తీశాక గాలి లేచింది. వంతెన మాట్లాడలేదు. బస్సు దిగినవాళ్ళు పిట్టగోడకు చెవులు ఆనించి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, తర్వాతి బస్సు ఎప్పుడని అడిగారు.

ప్రెసిడెంటు ఊరుకోలేదు. అంతకుముందు ఎవరో ఫోన్లో రికార్డు చేసి పట్టిన చప్పుడు సంపాదించి, కమాను కింద ఒక లౌడ్‌స్పీకరు బిగించి, బస్సు రాగానే అది మోగేలా ఏర్పాటు చేశాడు. మూలుగు బాగానే వచ్చేది. కానీ పట్టినవాళ్ళు కొట్టు ముందు నిలబడి పట్టారు. మూలుగు సాగి సాగి, చివర్లో సన్నగా, "టీ... వేడి టీ" అని వినబడేది. వచ్చినవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఊరి పిల్లలకు అది ఆటయింది. ఒకడు మూలిగితే ఇంకొకడు టీ అనేవాడు.

అప్పటికి కొట్టు మూతపడింది. చెల్లెమ్మ బెంచీని ఇంటికి చేర్చింది. పూలకుండీ తెచ్చి పెరట్లో పెట్టింది. పట్నంలో ఒక మిల్లు క్యాంటీనులో వంటకు మనుషులు కావాలంటే వెళ్ళిపోయింది. వెళ్ళే రోజు అన్నకు రెండు పూటలకూ వండి మూతలు పెట్టింది. సంచీ పట్టుకుని గుమ్మం దాటింది. వెళ్ళొస్తానని అనలేదు. అతను కిటికీ దగ్గర తాపీ తుడుస్తూ ఉండిపోయాడు. ఆ నూనె గుడ్డ అలా తిప్పుతూనే ఉన్నాడు, బస్సు చప్పుడు వినబడకుండా పోయేదాకా.

ఆ రోజుల్లో సాయంత్రం బస్సు వచ్చే వేళకు అతను వంతెన మీదికి వెళ్ళి నిలబడేవాడు. బస్సు కోసం కాదు. లౌడ్‌స్పీకరు మోగి, మూలుగు అయ్యాక ఆ సన్నటి పిలుపు వచ్చేదాకా ఉండి, తిరిగి వెళ్ళేవాడు. ఒక వానకు స్పీకరు తడిసి పాడైంది. మళ్ళీ బాగు చేయించిన వాళ్ళు లేరు.

ఏళ్ళు గడిచాయి. పట్నంలో పెద్ద పనులొచ్చి తాపీ పట్టేవాళ్ళంతా అటే పోయారు. సున్నం పని నేర్చుకుంటామని ఎవరూ రాలేదు. నిదానం ఏటా ఒక్కడే పలక మీద దిగేవాడు, కాలు సహకరించినంత కాలం. తర్వాత అది కూడా ఆగింది. చేతులు వణకడం మొదలైంది. అంతకన్నా ముందు చెవులు పోయాయి. చిన్నప్పటి నుంచి రాళ్ళు తట్టి విన్న చెవులు, పక్కన బస్సు హారను కొట్టినా తిరగని స్థితికి వచ్చాయి.

అప్పుడు పిట్టగోడ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. దారిన పోయే ప్రతి మనిషినీ ఆపి అడిగేవాడు.

"మూలుగుతోందా?"

"లేదు మేస్త్రీ" అని గట్టిగా చెప్పి, చెయ్యి కూడా అడ్డంగా ఊపి చూపించేవారు. అతను తల ఆడించేవాడు.

మొదట్లో అది నిజమే. తర్వాత నిజం కాదు. రెండు వానాకాలాలు గడిచాక మూడో కమాను మళ్ళీ సన్నగా మొదలుపెట్టింది. కానీ ఉందని చెబితే ఈ ముసలాయన తాళ్ళు కట్టుకుని దిగుతాడు, ఏట్లో పడి చస్తాడు. అందుకని ఊరంతా ఒకటే మాట చెప్పింది. ఎవరూ కూడబలుక్కోలేదు. జాలితో చెప్పారు. ఆయన్ని కాపాడుతున్నామనే అనుకున్నారు.

కండక్టరు అప్పుడప్పుడు పట్నంలో ఆ మిల్లు క్యాంటీనులో తినేవాడు. ఒకసారి వడ్డిస్తున్న చెల్లెమ్మతో ఈ సంగతి చెప్పాడు, నవ్వుకునే సంగతిలాగా. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"మీరంతా ఏమంటున్నారు?"

"లేదంటున్నాం."

"నిజంగానే లేదా?"

కండక్టరు కంచంలోకి చూస్తూ కలుపుకున్నాడు. ఆమె ఇంకోసారి అడగలేదు. మర్నాటి బస్సుకే బయల్దేరింది.

ఆమె వంతెన దగ్గర దిగేసరికి అతను పిట్టగోడ మీద అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఆమె కుట్టించిన చొక్కానే, మోచేతుల దగ్గర అతుకులు. చీర అంచు మాత్రం కంటికి కనబడిందేమో, తల తిప్పకుండానే అడిగాడు.

"ఏమ్మా, మూలుగుతోందా?"

ఆమె సంచీ కింద పెట్టింది. గాలి వీస్తోంది. కింద నుంచి అది వస్తోంది, మునుపటంత పెద్దగా కాదు, కానీ అదే. బేరం నడిచిన అన్ని ఏళ్ళలోనూ ఆమె దాన్ని పాట అనే అంది. ఒక్కసారి కూడా నోరు జారలేదు. ఇప్పుడు వంగి, అతని చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది.

"మూలుగుతోందన్నయ్యా."

అతను తిరిగి చూశాడు. ఆమెను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. గుర్తుపట్టాక ఎప్పుడొచ్చావని అడగలేదు, ఎలా ఉన్నావని అడగలేదు.

"సున్నం కలుపు" అన్నాడు. గోడ పట్టుకుని లేవబోయాడు. మోకాళ్ళు లేవలేదు. తన చేతులు ముందుకు చాపి, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

గుంటలో సున్నం ఉంది, పలకల కింద, నీళ్ళలో, వెన్నలా. పని మానుకున్నాక కూడా అతను దాన్ని ఎండనివ్వలేదు. మర్నాడు అతన్ని ఒడ్డు మీద కుర్చీలో కూర్చోబెట్టి ఆమె మెట్లు దిగింది. సందు గీకింది, తడిపింది, రాతి చిప్పలు పెట్టింది, నెట్టింది. నెట్టడానికి సరిపడే సన్నటి ఇనప పట్టీ తుప్పు పట్టి విరిగిపోతే, ఇంట్లోంచి పాత గరిటె తెచ్చి దాని కాడతో నెట్టింది. అతను కుర్చీలోంచి నిదానం, నిదానం అంటూనే ఉన్నాడు.

"నీ నిదానం నాకొచ్చేసరికి ఏరొస్తుంది" అంది ఆమె వెనక్కి చూడకుండా. అతనికి వినబడలేదు.

ఆమె చెయ్యి అందినంత మేర నింపింది. ఒకనాడు తను తవ్విన చోటంతా, దానికి పైన ఇంకో జానెడు. ఆ పైకి పలక మీద దిగాలి. దిగడానికి ఆమెకు రాదు. ఊళ్ళో ఆ పని వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. గాలి వీచినప్పుడు పైసందులు మూలుగుతూనే ఉన్నాయి. అతను మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ ఉందనే చెప్పింది. చెప్పిన ప్రతిసారీ అతను పైకి చూసేవాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

అతను ఆ చలికాలం దాటలేదు. మంచం మీద, కిటికీ వైపు తిరిగి పోయాడు.

కొత్త వంతెన ఇంకా రాలేదు. ఆ దారిన ఎప్పుడైనా పోతే మెట్లు దిగి మూడో కమాను కిందికి వెళ్ళి చూడండి. మనిషి చెయ్యి అందే ఎత్తు వరకు సందులు నిండుగా ఉంటాయి. కాస్త మొరటు పనే, కానీ లోపలి నుంచి నింపిన పని. ఆ పైన నల్లటి గీతల్లా ఖాళీలు. ఇప్పుడు బస్సు వంతెన ముందు ఆగుతుంది. జనం దిగి కాలినడకన దాటుతారు. ఖాళీ బస్సు వాళ్ళ వెనక మెల్లగా వస్తుంది. ముసలాడైపోయిన కండక్టరు దానికి ముందు వెనకడుగులు వేస్తూ, డ్రైవరుకు చెయ్యి చూపిస్తూ ఉంటాడు.

"నిదానం... నిదానం..."

ఆ మాట వినబడినప్పుడు ఒడ్డు మీది ఆ రెండు గదుల ఇంట్లో ఒకావిడ పని ఆపి తలెత్తుతుంది. బస్సు అవతలికి చేరిన చప్పుడు వినబడేదాకా అలాగే ఉంటుంది.